జాకీ రాబిన్సన్

జాకీ రాబిన్సన్‌గా ప్రసిద్ధుడైన జాక్ రూజ్‌వెల్ట్ రాబిన్సన్ (జనవరి 31, 1919 - అక్టోబరు 24, 1972) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన బేస్‌బాల్ క్రీడాకారుడు. ఇరవయ్యవ శతాబ్దంలో మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆడిన తొలి నల్లజాతి క్రీడాకారుడు ఇతడే. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున మైదానంలో అడుగుపెట్టి, ఆ సంవత్సరం ఆ జట్టు నేషనల్ లీగ్ విజేతగా నిలవడంలో ముఖ్యపాత్ర వహించాడు. ఆ ఒక్క సీజన్‌తో అరవై ఏళ్ళకు పైగా అమలులో ఉన్న వర్ణనిషేధం సడలడం మొదలైంది. పది సంవత్సరాలపాటు ఒకే జట్టుకు ఆడి విరమించాడు. 1962లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. తరువాతి కాలంలో పౌరహక్కుల ఉద్యమంలో చురుకుగా పాల్గొన్నాడు.

ఆట, అందులోని వర్ణరేఖ

రాబిన్సన్ చేసిన పని ఎంత కష్టమైనదో తెలియాలంటే ఆనాటి బేస్‌బాల్ వ్యవస్థ గురించి కొంత తెలుసుకోవాలి. అప్పట్లో మేజర్ లీగ్ అంటే నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్ అనే రెండు లీగుల సముదాయం. ఒక్కొక్క లీగులో ఎనిమిది జట్లుండేవి. ఏప్రిల్ మధ్య నుండి సెప్టెంబరు చివరి వరకు ఒక్కొక్క జట్టు 154 ఆటలు ఆడేది. రెండు లీగులలో మొదటి స్థానం పొందిన జట్లు చివరగా వరల్డ్ సిరీస్ పేరుతో తలపడేవి. అందులో ముందుగా నాలుగు ఆటలు గెలిచిన జట్టు విజేత.

క్రికెట్‌కు అలవాటుపడిన మన పాఠకులకు బేస్‌బాల్ నియమాలు కొంత కొత్తగా తోస్తాయి. బంతి విసిరేవాడిని పిచర్ అంటారు. బంతిని కొట్టిన బ్యాటరు మొదటి బేస్‌కు పరుగెత్తాలి. అక్కడి నుండి రెండవ, మూడవ బేస్‌లు దాటి, బయలుదేరిన చోటుకు తిరిగి వస్తేనే ఒక పరుగు. పిచర్ బంతి విసిరే సమయం కనిపెట్టి, బేస్ మీద ఉన్న ఆటగాడు తరువాతి బేస్‌కు పరుగెత్తడాన్ని బేస్ దొంగిలించడం అంటారు. ఇది ఆటలో దొంగతనం కాదు, గొప్ప నైపుణ్యంగా లెక్క. ఇక బ్యాటింగ్ సగటు అంటే పరుగుల సగటు కాదు. కొట్టే అవకాశాలు ఎన్ని వచ్చాయి, వాటిలో ఎన్నిసార్లు సరైన దెబ్బ కొట్టి బేస్ చేరుకున్నాడు అనే నిష్పత్తి. పదింట మూడు, అనగా .300 సాధించినవాడు మేటి బ్యాటరే.

నల్లజాతివారు మేజర్ లీగ్‌లో ఆడరాదని వ్రాతపూర్వకమైన నిబంధన ఏదీ అమలులో లేదు. అయినా 1884లో టొలీడో జట్టుకు ఆడిన మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ తరువాత ఆ స్థాయిలో నల్లజాతివారెవరికీ చోటు దొరకలేదు. జట్ల యజమానులు తమలో తాము పాటించుకున్న ఒప్పందం అది. వ్రాసిన చట్టాన్ని కోర్టులో సవాలు చేయవచ్చు, వ్రాయని చట్టాన్ని ఎక్కడ సవాలు చేయాలి? అందువల్లనే ఈ నిషేధం అంతకాలం నిలిచింది. నల్లజాతి ఆటగాళ్ళు నీగ్రో లీగులు అనే ప్రత్యేక లీగులలో, తక్కువ జీతాలకు, బస్సులలో రాత్రింబవళ్ళు ప్రయాణాలు చేస్తూ ఆడేవారు. శాచెల్ పేజ్, జాష్ గిబ్సన్ వంటి దిగ్గజాల యౌవనమంతా అక్కడే గడిచిపోయింది.

బాల్యం, విద్య

రాబిన్సన్ జార్జియా రాష్ట్రంలోని కైరో పట్టణం వద్ద ఒక పాలుకౌలు రైతు కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు మ్యాలీ, జెర్రీ. ఐదుగురు సంతానంలో ఇతడు చివరివాడు. ఇతడు పుట్టడానికి 25 రోజుల ముందు మరణించిన మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పేరును ఇతని పేరులో చేర్చారు. తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్ళిపోగా, తల్లి 1920లో పిల్లలను వెంటబెట్టుకొని కాలిఫోర్నియాలోని పాసడీనాకు వలస వచ్చింది. ఇళ్ళలో పనిచేసి ఐదుగురినీ పెంచింది. వారు స్థిరపడిన పెప్పర్ వీధిలో ఇరుగుపొరుగు తెల్లవారు. వారి నుండి ఎదురైన వ్యతిరేకతను ఆమె సహనంతో నెట్టుకొచ్చింది.

అన్న మాథ్యూ (మ్యాక్) రాబిన్సన్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో జెస్సీ ఓవెన్స్ వెనుక రెండవ స్థానంలో వచ్చి రజత పతకం సాధించాడు. పతకంతో తిరిగివచ్చిన అతనికి పాసడీనాలో దొరికిన పని వీధులు ఊడ్చడం. తమ్ముని మనసు మీద ఈ సంగతి గాఢంగా ముద్ర వేసింది.

పాసడీనా జూనియర్ కళాశాల తరువాత రాబిన్సన్ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్, అథ్లెటిక్స్ నాలుగింటిలోనూ విశ్వవిద్యాలయ జట్లలో స్థానం పొందిన తొలి విద్యార్థి అయ్యాడు. 1940లో జాతీయ విశ్వవిద్యాలయాల పోటీలో లాంగ్ జంప్ విజేత. విచిత్రమేమంటే ఆ నాలుగు ఆటలలో అతడు అన్నిటికంటే తక్కువగా రాణించింది బేస్‌బాల్‌లోనే. తన కాబోయే భార్య రేచెల్ ఐసమ్‌ను కలుసుకున్నదీ అక్కడే. పట్టా పూర్తిచేయకుండానే 1941లో చదువు విరమించాడు.

సైన్యంలో

1942లో సైన్యంలోకి తీసుకోబడ్డాడు. కాన్సాస్‌లోని ఫోర్ట్ రైలీలో నల్లజాతివారిని అధికారుల శిక్షణకు తీసుకోవడంలో జాప్యం జరుగుతుండగా, అదే చోట ఉన్న ప్రపంచ బాక్సింగ్ విజేత జో లూయీ కల్పించుకొన్నాడు. 1943 జనవరిలో రాబిన్సన్ సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు.

1944 జూలై 6న టెక్సస్‌లోని క్యాంప్ హుడ్‌లో సైనికుల బస్సు ఎక్కినప్పుడు డ్రైవరు ఇతనిని వెనుక సీట్లలోకి వెళ్ళమన్నాడు. సైనిక స్థావరాలలోని బస్సులలో అటువంటి విభజన పనికిరాదని సైన్యం అప్పటికే ఆదేశించి ఉంది. ఆ సంగతి తెలిసిన రాబిన్సన్ కదలలేదు. మాటామాటా పెరిగి వ్యవహారం సైనిక న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఆగస్టులో విచారణ జరిపిన తొమ్మిదిమంది అధికారుల బృందం ఇతనిని నిర్దోషిగా తేల్చింది. అదే ఏడాది నవంబరులో గౌరవప్రదంగా సైన్యం నుండి విడుదల అయ్యాడు. అవమానాన్ని మౌనంగా దిగమింగడం ఈ మనిషి స్వభావం కాదని ఈ ఘటన తెలుపుతుంది. 1947లో అతడు పాటించిన మౌనాన్ని అర్థం చేసుకోవడానికి దీనిని గుర్తుంచుకోవాలి.

బ్రాంచ్ రికీతో ఒప్పందం

1945లో రాబిన్సన్ నీగ్రో లీగులలోని కాన్సాస్ సిటీ మోనార్క్స్ జట్టులో నెలకు 400 డాలర్లకు చేరాడు. ఆ ఏప్రిల్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు వారు ఇతనిని, మరి ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళను పరీక్షకు పిలిచారు గాని, ఆ తరువాత కబురు పెట్టలేదు. ఆ జట్టు తన మొదటి నల్లజాతి ఆటగాడిని తీసుకున్నది 1959లో, మేజర్ లీగ్ జట్లన్నిటిలోకీ చివరగా.

బ్రూక్లిన్ డాడ్జర్స్ అధ్యక్షుడు బ్రాంచ్ రికీ ఆలోచన వేరు. ఇతడు మతనిష్ఠ గల మెథడిస్టు క్రైస్తవుడు, అంతకంటె తక్కువ కాని వ్యాపారదక్షుడు. తాను కళాశాల జట్టుకు శిక్షకుడిగా ఉన్న రోజుల్లో చార్లెస్ థామస్ అనే నల్లజాతి ఆటగాడికి హోటలులో గది ఇవ్వకపోవడం చూసి చలించానని తరచు చెప్పేవాడు. నీగ్రో లీగులలో అపారమైన ప్రతిభ చౌకగా దొరుకుతుందనీ, నల్లజాతి ప్రేక్షకుల వల్ల టికెట్ల రాబడి పెరుగుతుందనీ కూడా అతనికి తెలుసు. ఈ రెండింటిలో ఏది అసలు కారణమన్న చర్చ నేటికీ ఉంది. రెండూ కలిసే ఉన్నాయనడం సబబు. రాబిన్సన్‌ను తీసుకున్నందుకు మోనార్క్స్ యజమానులకు రికీ ఏమీ చెల్లించలేదన్న విషయాన్ని మాత్రం మరువరాదు.

1945 ఆగస్టు 28న బ్రూక్లిన్‌లోని రికీ కార్యాలయంలో ఇద్దరూ దాదాపు మూడు గంటలపాటు మాట్లాడుకున్నారు. రికీ ఒకసారి గది నిరాకరించే హోటలు గుమాస్తాగా, మరొకసారి కావాలని ఢీకొట్టే ప్రత్యర్థి ఆటగాడిగా నటిస్తూ, రాబిన్సన్ ముఖం మీదనే బూతులు తిట్టి పరీక్షించాడు. ఎదురుతిరగడానికి భయపడే మనిషి కావాలా అని రాబిన్సన్ అడిగాడు. తిరిగి కొట్టకుండా ఉండగలిగేటంత ధైర్యం కలవాడు కావాలన్నది రికీ సమాధానం. ఒక్కసారి చేయి లేచినా, వర్ణనిషేధాన్ని సమర్థించేవారు దానినే సాకుగా చూపి మరో పాతికేళ్ళు తలుపు మూసివేస్తారని అతని భయం. మొదటి మూడేళ్ళు ఏ అవమానానికీ బదులు చెప్పనని రాబిన్సన్ మాట ఇచ్చాడు.

1946లో అతనిని ముందుగా డాడ్జర్స్ అనుబంధ జట్టు అయిన కెనడాలోని మాంట్రియల్ రాయల్స్‌లో ఆడించారు. ఫిబ్రవరి 10న రేచెల్‌తో వివాహం జరిగింది. వెంటనే శిక్షణకు ఫ్లోరిడా వెళ్ళిన దంపతులు సాన్‌ఫర్డ్ పట్టణంలో బెదిరింపుల వల్ల ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఏప్రిల్ 18న జెర్సీ సిటీలో జరిగిన మొదటి ఆటలో రాబిన్సన్ ఒక హోమ్ రన్‌తో కలిపి నాలుగు హిట్లు కొట్టాడు, రాయల్స్ 14-1 తేడాతో గెలిచింది. ఆ ఏడు అతని సగటు .349, లీగులో అత్యధికం. మాంట్రియల్ ప్రజలు అతనిని ఎంతో ఆదరించారు. జట్టు చివరి పోటీ గెలిచిన రోజున అభిమానులు ఆనందంతో అతనిని వీధుల్లో వెంబడించారు. ఒక నల్లజాతివాడిని తెల్లవారి గుంపు కొట్టడానికి కాక ప్రేమతో తరమడం అదే మొదటిసారేమో అని ఒక పత్రికా విలేఖరి వ్రాశాడు.

1947: బ్రూక్లిన్ డాడ్జర్స్ సీజన్

1947 వసంతకాల శిక్షణను ఫ్లోరిడాకు బదులు క్యూబా రాజధాని హవానాలో ఏర్పాటు చేయడానికి రికీ వర్ణవివక్షనే కారణంగా తీసుకున్నాడు. అక్కడ కూడా గొడవలకు తావివ్వరాదని రాబిన్సన్‌ను, మరి ముగ్గురు నల్లజాతి ఆటగాళ్ళను వేరే హోటలులో ఉంచాడు. రాబిన్సన్ ఆట చూస్తే డాడ్జర్స్ ఆటగాళ్ళే అతనిని జట్టులోకి కోరుకుంటారని రికీ అంచనా. అది తప్పింది. దక్షిణాది రాష్ట్రాలకు చెందిన కొందరు ఆటగాళ్ళు రాబిన్సన్ పక్కన ఆడబోమని ఒక విజ్ఞప్తి పత్రం తయారుచేయసాగారు. జట్టు పనామాలో ఉన్నప్పుడు ఈ సంగతి తెలిసిన మేనేజరు లియో డ్యురోషర్ అర్ధరాత్రి అందరినీ నిద్రలేపి వంటగదిలో సమావేశపరచి, ఆడగలిగినవాడెవడైనా తనకు సమ్మతమేననీ, రాబిన్సన్ వల్ల అందరికీ డబ్బు వస్తుందనీ, ఇష్టంలేనివారు వెళ్ళిపోవచ్చనీ తీవ్రంగా మందలించాడు. కెంటకీకి చెందిన షార్ట్‌స్టాప్ పీ వీ రీస్ ఆ పత్రం మీద సంతకం చేయడానికి నిరాకరించాడు. జట్టులో అత్యంత జనాదరణ గల డిక్సీ వాకర్ మాత్రం తనను మరో జట్టుకు పంపమని రికీకి లేఖ వ్రాశాడు.

సీజన్ ఆరంభానికి ముందు మరో సంచలనం. జూదగాళ్ళతో సంబంధాలున్నాయన్న కారణంతో బేస్‌బాల్ కమిషనర్ హ్యాపీ చాండ్లర్ ఏప్రిల్ 9న డ్యురోషర్‌ను ఏడాదిపాటు బహిష్కరించాడు. మరునాడే రాబిన్సన్ డాడ్జర్స్‌లో చేరినట్లు ప్రకటన వెలువడింది. మొదటి రెండు ఆటలకు క్లైడ్ సుకెఫోర్త్ మేనేజరుగా ఉండగా, ఆ తరువాత వృద్ధుడైన బర్ట్ షాటన్ బాధ్యత తీసుకున్నాడు. ఇతడు జట్టు దుస్తులు ధరించకుండా మామూలు దుస్తులతోనే జట్టును నడిపించడం విశేషం.

ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్ మైదానంలో బోస్టన్ బ్రేవ్స్‌తో తొలి ఆట జరిగింది. సుమారు 26 వేలమంది వచ్చారు, అందులో సగానికి పైగా నల్లజాతివారని అంచనా. 28 ఏళ్ళ రాబిన్సన్ 42వ నంబరు చొక్కాతో మొదటి బేస్ వద్ద నిలబడ్డాడు. ఆనాడు ఒక్క హిట్ కూడా కొట్టలేదు. అయితే ఏడవ ఇన్నింగ్స్‌లో అతడు మెల్లగా నెట్టిన బంతిని ఆపబోయి ప్రత్యర్థి తడబడ్డాడు. ఆ విధంగా బేస్ చేరిన రాబిన్సన్ జట్టును ఆధిక్యంలోకి తెచ్చిన పరుగు చేశాడు. డాడ్జర్స్ 5-3తో గెలిచింది.

రాబిన్సన్ మాంట్రియల్‌లో ఆడింది రెండవ బేస్ వద్ద. బ్రూక్లిన్‌లో ఆ స్థానంలో ఎడ్డీ స్టాంకీ ఉన్నందున అలవాటులేని మొదటి బేస్ ఇచ్చారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మొదటి బేస్ కాపలాదారు విసిరిన బంతిని అందుకొనేటప్పుడు ఒక పాదం బేస్‌ను తాకి ఉంచాలి. బ్యాటరు అదే బేస్ మీదికి వేగంగా పరుగెత్తుకొస్తాడు, బూట్ల అడుగున ఇనుప మొనలుంటాయి. కావాలని తొక్కదలచినవానికి ఇంతకంటె అనువైన చోటు లేదు.

ఏప్రిల్ 22న ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టు ఎబెట్స్ ఫీల్డ్‌కు వచ్చింది. ఆ జట్టు మేనేజరు బెన్ చాప్‌మన్, అతనితోపాటు కొందరు ఆటగాళ్ళు రాబిన్సన్ బ్యాటింగుకు వచ్చిన ప్రతిసారీ జాతిని కించపరిచే దుర్భాషలతో అరిచారు. బ్యాటు కింద పారేసి, వారిలో ఒకడిని పట్టుకొని తన చేతులారా కొట్టి, ఇక ఈ ఆటకు నమస్కారం పెట్టి వెళ్ళిపోదామనిపించిందని రాబిన్సన్ తరువాత తన ఆత్మకథలో వెల్లడించాడు. కాని వెళ్ళలేదు. ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో హిట్ కొట్టి, రెండవ బేస్ దొంగిలించి, ఆ ఆటలోని ఏకైక పరుగు చేశాడు. తరువాతి రోజుల్లోనూ తిట్లు సాగగా, మాట ఇచ్చి చేతులు కట్టుకొని ఉన్న మనిషిని కాక బదులు చెప్పగలిగినవాడిని తిట్టమని స్టాంకీ వారి మీద లేచాడు. స్టాంకీ అలబామాలో స్థిరపడిన మనిషి, రాబిన్సన్ రాకను మొదట ఇష్టపడనివాడు. జట్టును ఏకం చేయడంలో ఎవరూ చేయలేని పనిని చాప్‌మన్ చేసిపెట్టాడని రికీ చమత్కరించేవాడు. చాప్‌మన్ మీద విమర్శలు చెలరేగిన తరువాత మే నెలలో అతనితో కలిసి ఫోటో దిగమని రాబిన్సన్‌ను కోరారు. అందుకు కూడా అతడు ఒప్పుకున్నాడు. తన జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో అదొకటిగా చెప్పుకున్నాడు. ఫిలడెల్ఫియా నగర పాలకమండలి ఈ వ్యవహారానికి 2016లో క్షమాపణ తెలిపింది.

ఆ వారాలలోనే రాబిన్సన్ వరుసగా ఇరవై అవకాశాల్లో ఒక్క హిట్ కూడా కొట్టలేకపోయాడు. సాధారణ ఆటగాడికైతే ఇది మామూలు ఒడుదుడుకు. ఇతడు విఫలమైతే మాత్రం వైఫల్యం ఒక్క మనిషిది కాదు, మొత్తం జాతిదని తీర్పు చెప్పడానికి ఎందరో ఎదురుచూస్తున్నారు. షాటన్ అతనిని జట్టు నుండి తప్పించలేదు. షాటన్ చేసిన మేళ్ళలో ఇది పెద్దది.

మే 9న న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రికలో స్టాన్లీ వుడ్‌వర్డ్ ఒక సంచలన వార్త వ్రాశాడు. సెయింట్ లూయీ కార్డినల్స్ ఆటగాళ్ళు రాబిన్సన్‌తో ఆడకుండా సమ్మె చేయదలచారనీ, నేషనల్ లీగ్ అధ్యక్షుడు ఫోర్డ్ ఫ్రిక్ దానిని అడ్డుకున్నాడనీ ఆ వార్త సారాంశం. సమ్మె ప్రయత్నం ఎంతవరకు ముదిరిందన్న దానిపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. సమ్మె మాత్రం జరగలేదు. చంపుతామని బెదిరిస్తూ ఉత్తరాలు వచ్చేవి. కొన్ని నగరాలలో జట్టు దిగే హోటలు అతనికి గది ఇచ్చేది కాదు. నల్లజాతి పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్ విలేఖరి వెండెల్ స్మిత్ అతనితో ప్రయాణిస్తూ తోడుగా ఉండేవాడు. స్మిత్‌కు కూడా చాలాచోట్ల పత్రికా విలేఖరుల గదిలోకి ప్రవేశం లేదు. ప్రేక్షకుల మధ్య కూర్చొని, టైపు మిషను ఒళ్ళో పెట్టుకొని వార్తలు వ్రాసేవాడు.

ప్రత్యర్థులందరూ ఒకే రకం కాదు. మే నెలలో పిట్స్‌బర్గ్ జట్టుతో ఆడుతుండగా మొదటి బేస్ వద్ద రాబిన్సన్, హ్యాంక్ గ్రీన్‌బర్గ్ ఢీకొన్నారు. గ్రీన్‌బర్గ్ యూదుడు, తన కాలంలో జాతిపరమైన దూషణలు ఎన్నో భరించినవాడు. తరువాత అతడే పలకరించి, తిట్లను లెక్కచేయక తలెత్తుకొని ఆడమని రాబిన్సన్‌కు ధైర్యం చెప్పాడు. పీ వీ రీస్ ప్రేక్షకుల అరుపుల మధ్య రాబిన్సన్ దగ్గరకు నడచి వెళ్ళి భుజం మీద చేయి వేసిన ఘట్టం ఎంతో ప్రసిద్ధం. 2005లో బ్రూక్లిన్‌లో దానికి విగ్రహం కూడా వెలసింది. అది 1947లో సిన్సినాటిలో జరిగిందని తరచు చెబుతారు గాని, పరిశోధకులలో కొందరు 1948 అనీ, మరికొందరు వేరొక నగరమనీ అంటారు. రీస్ స్నేహం మాత్రం నిస్సందేహం.

వేసవిలో రాబిన్సన్ ఆట ఊపందుకుంది. జూన్, జూలైలలో వరుసగా 21 ఆటలలో హిట్ కొట్టాడు. అతనిని చూడడానికి నల్లజాతి కుటుంబాలు దూరప్రాంతాల నుండి రైళ్ళలో వచ్చేవి. మే 18న చికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌కు 46,572 మంది టికెట్లు కొని వచ్చారు. ఒక్క అల్లరి జరిగినా నింద రాబిన్సన్ మీద పడుతుందని నల్లజాతి పత్రికలు తమ పాఠకులకు మర్యాదగా మెలగమని హితవు చెప్పేవి. అతడొక్కడే కాదు, అతనిని చూడవచ్చినవారు కూడా పరీక్షకు కూర్చున్నట్లే. జూలై 5న క్లీవ్‌లాండ్ జట్టు తరఫున లారీ డోబీ అమెరికన్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడిగా ఆడాడు. ఆగస్టు 26న డాన్ బ్యాంక్‌హెడ్ డాడ్జర్స్‌కు పిచర్‌గా వచ్చాడు.

ఆగస్టు 20న కార్డినల్స్ ఆటగాడు ఈనోస్ స్లాటర్ మొదటి బేస్‌కు పరుగెత్తుతూ బూటు మొనలతో రాబిన్సన్ కాలిని తొక్కాడు. కావాలని చేయలేదని స్లాటర్ తుదివరకు చెప్పుకున్నాడు. ఆ సమయంలో రెండు జట్లూ ప్రథమ స్థానం కోసం పోటీపడుతున్నాయి. రాబిన్సన్ ఆడుతూనే ఉన్నాడు.

డాడ్జర్స్‌ది ఒక్క మనిషి జట్టు కాదు. 21 ఏళ్ళ పిచర్ రాల్ఫ్ బ్రాంకా 21 ఆటలు గెలిపించాడు. జూన్‌లో పీట్ రైజర్ బంతి కోసం పరుగెత్తి గోడను ఢీకొని తీవ్రంగా గాయపడినా జట్టు నిలదొక్కుకుంది. తనను మరో జట్టుకు పంపమని కోరిన డిక్సీ వాకర్ కూడా ఆ ఏడు .300కు మించిన సగటుతో ఆడాడు (సీజన్ ముగిశాక అతనిని పిట్స్‌బర్గ్‌కు పంపివేశారు). డాడ్జర్స్ 94 గెలుపులు, 60 ఓటములతో, కార్డినల్స్ కంటె ఐదు ఆటల ఆధిక్యంతో సెప్టెంబరు 22న లీగు విజేత అయింది. మరునాడు ఎబెట్స్ ఫీల్డ్‌లో అభిమానులు రాబిన్సన్‌ను సత్కరించారు. ఆ ఏడాది డాడ్జర్స్ సొంత మైదానానికి వచ్చిన ప్రేక్షకుల సంఖ్య 18 లక్షలు దాటింది.

వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్ న్యూయార్క్ యాంకీస్‌ను ఎదుర్కొన్నది. టెలివిజన్‌లో ప్రసారమైన తొలి వరల్డ్ సిరీస్ ఇదే. నాలుగవ ఆటలో యాంకీస్ పిచర్ బిల్ బెవెన్స్ ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా విజయానికి ఒక్క వికెట్ దూరం వరకు వచ్చాడు (క్రికెట్ పరిభాషలో చెప్పాలంటే). కుకీ లావజెటో కొట్టిన దెబ్బకు రెండు పరుగులు వచ్చి డాడ్జర్స్ 3-2తో గెలిచింది. ఆరవ ఆటలో జో డిమాజియో కొట్టిన బంతిని ఆల్ జాన్‌ఫ్రిడో కంచె వద్ద అందుకున్న తీరును అభిమానులు దశాబ్దాల తరబడి చెప్పుకున్నారు. అయినా ఏడవ ఆటలో యాంకీస్ నెగ్గి సిరీస్‌ను 4-3తో గెలుచుకుంది.

ఆ సీజన్‌లో రాబిన్సన్ 151 ఆటలు ఆడి .297 సగటుతో 175 హిట్లు, 12 హోమ్ రన్లు, 125 పరుగులు సాధించాడు. 29 బేస్‌లు దొంగిలించి లీగులో ప్రథముడయ్యాడు. పిచర్లు విసిరిన బంతి తొమ్మిదిసార్లు అతని శరీరానికి తగిలింది. ఆ సంవత్సరమే మొదలుపెట్టిన ఉత్తమ నూతన క్రీడాకారుడి పురస్కారం ఇతనికి లభించింది. జీతం 5,000 డాలర్లు, అనగా మేజర్ లీగ్‌లో కనీస వేతనం.

తరువాతి సీజన్లు

1948లో రాబిన్సన్ తనకు ఇష్టమైన రెండవ బేస్‌కు మారాడు. 1949లో .342 సగటుతో లీగులో ప్రథముడై అత్యంత విలువైన క్రీడాకారుడి పురస్కారం పొందాడు. అప్పటికి రికీకి ఇచ్చిన మాట గడువు తీరింది. అంపైర్లతో వాదించడం, రెచ్చగొట్టినవారికి బదులివ్వడం మొదలుపెట్టాడు. సహనమూర్తి అని నిన్నటివరకు పొగిడిన పత్రికలలో కొన్ని ఇప్పుడు తగవులమారి అని వ్రాశాయి. తెల్ల ఆటగాడు అంపైరుతో వాదిస్తే పట్టుదల, నల్ల ఆటగాడు వాదిస్తే పొగరు అన్న ద్వంద్వనీతి ఇందులో స్పష్టం. రాబిన్సన్ మారలేదు. క్యాంప్ హుడ్ బస్సులో కదలక కూర్చున్న మనిషే మళ్ళీ కనిపించాడు.

డాడ్జర్స్ 1949, 1952, 1953లలో కూడా లీగు గెలిచి, ప్రతిసారీ యాంకీస్ చేతిలో ఓడింది. చివరకు 1955లో అదే యాంకీస్‌ను ఓడించి బ్రూక్లిన్ తన మొట్టమొదటి, ఏకైక వరల్డ్ సిరీస్ విజయాన్ని పొందింది. మొదటి ఆటలో 36 ఏళ్ళ రాబిన్సన్ మూడవ బేస్ నుండి పరుగెత్తుకొచ్చి హోమ్ బేస్ దొంగిలించాడు. అంపైరు తప్పు చేశాడని క్యాచర్ యోగీ బెర్రా జీవితాంతం వాదించాడు. 1956 డిసెంబరులో డాడ్జర్స్ ఇతనిని చిరకాల ప్రత్యర్థి న్యూయార్క్ జెయింట్స్‌కు అప్పగించింది. అప్పటికే ఒక కాఫీ సంస్థలో ఉపాధ్యక్ష పదవికి ఒప్పుకున్న రాబిన్సన్ ఆట నుండి విరమించాడు. డాడ్జర్స్ తరఫున పది సీజన్లలో 1,382 ఆటలలో అతని సగటు .311, హోమ్ రన్లు 137.

ఈ విజయానికి మరో పార్శ్వం కూడా ఉంది. మంచి ఆటగాళ్ళు మేజర్ లీగ్‌కు తరలిపోవడంతో నీగ్రో లీగుల ప్రేక్షకులు తగ్గిపోయారు. నీగ్రో నేషనల్ లీగ్ 1948తో మూతపడింది. పేరుమోసిన కొద్దిమందికి తలుపు తెరుచుకోగా, మిగిలినవారిలో ఎందరికో జీవనాధారం పోయింది.

ప్రజాజీవితం, చివరి రోజులు

విరమణ తరువాత రాబిన్సన్ నల్లజాతి పురోభివృద్ధి జాతీయ సంఘం కోసం దేశమంతటా తిరిగి నిధులు సేకరించాడు. పత్రికలలో శీర్షికలు నిర్వహించాడు. 1963 వాషింగ్టన్ పాదయాత్రలో కుటుంబంతో పాల్గొన్నాడు. 1964లో హార్లెంలో నల్లజాతివారి యాజమాన్యంలో ఫ్రీడం నేషనల్ బ్యాంకు స్థాపనకు తోడ్పడ్డాడు. రాజకీయాలలో అతని మార్గం నల్లేరు మీద నడక కాలేదు. 1960 ఎన్నికలలో రిచర్డ్ నిక్సన్‌ను సమర్థించి, తరువాత అందుకు విచారించాడు. 1949లో ప్రతినిధుల సభ సంఘం ముందు గాయకుడు పాల్ రోబ్సన్ అభిప్రాయాలకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన విషయమై కూడా జీవితం చివరలో పునరాలోచించుకున్నాడు.

పెద్దకొడుకు జాకీ జూనియర్ వియత్నాం యుద్ధంలో గాయపడి, మాదకద్రవ్యాలకు బానిసై, కోలుకొని ఇతరులకు సహాయపడుతున్న దశలో 1971 జూన్‌లో కారు ప్రమాదంలో మరణించాడు. మధుమేహం, గుండెజబ్బుతో రాబిన్సన్ ఆరోగ్యం అప్పటికే దెబ్బతిన్నది, కంటిచూపు చాలావరకు పోయింది. 1972 అక్టోబరు 15న సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ సందర్భంగా జరిగిన సత్కారంలో, మేజర్ లీగ్ జట్టుకు ఒక నల్లజాతి మేనేజరును చూసిననాడు మరింత సంతోషిస్తానని ప్రేక్షకుల ఎదుట చెప్పాడు. తొమ్మిది రోజుల తరువాత, అక్టోబరు 24న కనెక్టికట్‌లోని స్టామ్‌ఫర్డ్‌లో 53 ఏళ్ళ వయసులో గుండెపోటుతో మరణించాడు. అతడు కోరిన మేనేజరు 1975లో వచ్చాడు. క్లీవ్‌లాండ్ జట్టుకు నియమితుడైన అతని పేరు ఫ్రాంక్ రాబిన్సన్. ఇంటిపేరు ఒకటే గాని బంధుత్వం లేదు.

గుర్తింపు

రేచెల్ రాబిన్సన్ 1973లో భర్త పేరుమీద స్థాపించిన సంస్థ నల్లజాతి, ఇతర అల్పసంఖ్యాక విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తూ వచ్చింది. 1984లో అధ్యక్ష స్వాతంత్ర్య పతకం మరణానంతరం ప్రకటించారు. 1997 ఏప్రిల్ 15న, తొలి ఆట స్వర్ణోత్సవం నాడు, 42వ నంబరును మేజర్ లీగ్ జట్లన్నిటిలోనూ శాశ్వతంగా విరమించారు. అప్పటికే ఆ నంబరు వాడుతున్నవారికి మినహాయింపు ఇచ్చారు. వారిలో చివరివాడైన మరియానో రివేరా 2013లో విరమించాడు. 2009 నుండి ప్రతి ఏప్రిల్ 15న ఆటగాళ్ళందరూ, అంపైర్లతో సహా, 42వ నంబరే ధరిస్తున్నారు. ఇతని జీవితంపై 1950లో వచ్చిన చలనచిత్రంలో రాబిన్సన్ స్వయంగా నటించాడు. 2013లో వచ్చిన చిత్రంలో చాడ్విక్ బోస్‌మన్ ఇతని పాత్ర పోషించాడు.

డాడ్జర్స్ 1957 సీజన్ తరువాత లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. ఎబెట్స్ ఫీల్డ్‌ను 1960లో కూల్చివేసి ఆ స్థలంలో నివాస భవనాలు కట్టారు. రాబిన్సన్ సమాధి బ్రూక్లిన్‌లోని సైప్రస్ హిల్స్ శ్మశానవాటికలో, తండ్రికంటె ముందు కన్నుమూసిన కొడుకు సమాధి పక్కనే ఉంది. ఆ శ్మశానవాటిక గుండా సాగే రహదారికి 1997లో జాకీ రాబిన్సన్ పార్క్‌వే అని పేరు పెట్టారు.